మనిషి లోపల ఉన్నాడు

పెరంబూరులో మా లైను ఇళ్ళకి ఒక మర్యాద ఉంది. ఎవరింట్లో ఏం జరిగినా మిగతా పదకొండు ఇళ్ళవాళ్ళూ చూడనట్టే ఉంటారు. చూడ్డం మాత్రం మానరు. అందుకని చివరింటి సునయన బిందె చంకన పెట్టుకుని వీధి పంపు దగ్గరికి రోజూ ఎన్నిసార్లు వెళ్తుందో అందరికీ తెలుసు. ఆరుసార్లు. ఎందుకు వెళ్తుందో కూడా తెలుసు. ఆమె ఇంటి వెనక వాకిట్లో నేల కింద సంపు ఉంది, దాని పక్కన మోటారు ఉంది, మిద్దె మీద ట్యాంకు ఉంది. కానీ మోటారు స్విచ్‌కి ఒక ఎర్ర రేకు వేలాడుతోంది. ఎనిమిది నెలలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

రేకు కట్టినవాడు వెంకటపతి, సునయన మొగుడు. రైల్వే వర్క్‌షాపులో ముప్ఫై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఇంట్లో కుక్కరు పిడి వదులైనా సరే ఖాకీ చొక్కా తొడుక్కుని, పనిముట్ల పెట్టె ముందేసుకుని, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని కూర్చునేవాడు. సునయనని స్క్రూడ్రైవరు అందించనిచ్చేవాడు గానీ తిప్పనిచ్చేవాడు కాదు. "నీకెందుకు సునా, నేనుండా గదా" అనేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళు ఉన్నాడు కూడా.

వర్క్‌షాపులో ఒక పద్ధతి ఉండేది. పెద్ద యంత్రం లోపలికి దూరి పనిచేసేవాడు ముందు తన రేకు తెచ్చి స్విచ్‌కి కట్టాలి. రేకు వేలాడుతోందంటే లోపల మనిషి ఉన్నట్టు. కట్టిన చెయ్యే దాన్ని విప్పాలి, ఇంకెవరూ ముట్టుకోకూడదు. ఆ పద్ధతిని వెంకటపతి ఇంటికి కూడా తెచ్చాడు. వర్క్‌షాపు చెత్తలో దొరికిన పాత రేకుకి ఎర్ర రంగు పూసి, తెల్ల అక్షరాలతో రాశాడు: "మనిషి లోపల ఉన్నాడు. స్విచ్ వేయొద్దు." నాయుడుపేట నుంచి కాపరానికి వచ్చిన సునయనకి ఇన్నేళ్ళయినా అరవం చదవడం రాలేదు కనక తెలుగులోనే రాశాడు. కింద వర్క్‌షాపులో తన నంబరు, నాలుగు వందల పదిహేడు, గుద్దుకున్నాడు. రేకు వెనక పక్క ఇంకెవరిదో పాత నంబరు ఉండేది. దాన్ని సుత్తితో సాపు చేసి, పైన రంగు పూశాడు.

"ఎవురిదండీ ఇది?" అని అడిగింది సునయన అప్పట్లో.

"ఎవురిదో. ఆయన ఇప్పుడు లేడులే."

"లేనోళ్ళ రేకు కొలిమిలో వేస్తారని మీరే చెప్పితిరే?"

"ఇంత మంచి రేకు కొలిమిలో ఎందుకే?"

వంగిపోయిన మేకుని కూడా సాపు చేసి డబ్బాలో దాచుకునే మనిషి. రేకుని వదులుతాడా?

రేకుతో పాటు ఇంకొకటి కూడా తెచ్చాడు. యంత్రాల హోరులో లోపలి మనిషి మాట వినపడదు కదా. అందుకని స్పానరుతో పైపు మీద కొట్టేవారు. ఒక దెబ్బ కొడితే ఆపు. రెండు కొడితే నడుపు. మూడు కొడితే పైకి వస్తుండా. సంపులో దిగినప్పుడల్లా వెంకటపతి ఇలాగే కొట్టేవాడు, సునయన వంటింట్లోంచి వినేది. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోవడానికి మాటలు అక్కర్లేని ఇల్లు మా లైన్లో అదొక్కటే. మిగతా ఇళ్ళలో మాటలు వీధి చివరిదాకా వినపడేవి.

ఏప్రిల్ నెలలో ఒక ఉదయం మోటారు నీళ్ళు లాగలేదు. సంపులో చీలమండ లోతే ఉన్నాయి నీళ్ళు. పైపు అడుగున నీళ్ళు వెనక్కి జారిపోకుండా పట్టి ఉంచే ఇత్తడి వాల్వు ఒకటి ఉంటుంది. దాన్ని విప్పి కడగాలని వెంకటపతి రేకు కట్టి, ఇనుప మూత తీసి, నిచ్చెన దిగాడు. సునయన మిక్సీలో పచ్చడి వేస్తోంది. మిక్సీ ఆపినప్పుడు ఒక దెబ్బ వినపడింది.

ఒకటే.

ఆపు అంటే ఏం ఆపాలి? స్విచ్ వేసి లేదు. రేకు కట్టే ఉంది. స్పానరు చెయ్యి జారి ఉంటుందనుకుంది సునయన. మళ్ళీ మిక్సీ వేసింది.

అరగంట తర్వాత ఫైర్ సర్వీసువాళ్ళు వచ్చి తాళ్ళతో పైకి తీశారు. చాన్నాళ్ళు మూసి ఉంచిన సంపులో చెడు గాలి అన్నారు. వెంకటపతి కుడి చేతిలో ఇత్తడి వాల్వు బిగించి పట్టుకుని ఉన్నాడు. వేళ్ళు విప్పదీయడానికి ఇద్దరు కావలసి వచ్చింది. ఆ వాల్వుని ఎవరో గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో పెట్టారు. రేకు సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఒక దెబ్బ విన్నానని సునయన ఎవరికీ చెప్పలేదు. మా లైన్లో అందరికీ అన్నీ తెలుసు గానీ అది తెలియదు.

తర్వాత మోటారు బాగుచేయించడానికి ప్లంబరు ఆరుముగాన్ని పిలిచింది. "పది నిమిషాల్లో వస్తుండానక్కా" అన్నాడు మే నెలలో. జూన్‌లో వచ్చాడు. వచ్చి, రేకు చూసి, దాని కథ విని, అగ్గిపెట్టె తెచ్చుకుంటానని వెళ్ళాడు. ఆయన స్పానరు ఇంకా సునయన ఇంట్లోనే ఉంది.

ఆ నెలలోనే ఆసుపత్రిలో బీపీ చూసిన నర్సు జెబ, సునయన మొహం చూసి, "నిద్ర పడుతుందా అక్కా?" అని అడిగింది.

"పడుతుంది. లేవబుద్ధే కావటం లేదు."

జెబ మందు చీటీ పక్కన పెట్టి రెండు పనులు చెప్పింది. రోజూ ఏదో ఒక వస్తువు నీ చేత్తో నువ్వే బాగుచేసుకో, చేసింది నోటు పుస్తకంలో రాసుకో, ఆ రోజు మనసెట్లా ఉందో కూడా రాయి. రెండోది, రోజూ సాయంత్రం ఐదింటికి కాఫీ పెట్టుకుని ఒకే చోట కూర్చుని, లోపల ఉన్నదంతా పైకి ఆయనతో చెప్పు. "పేరు పెట్టి పిలిచి చెప్పాలక్కా. చెప్పే మాట ఎవరికి చేరాలో దానికి తెలవాలి గదా."

మొదటి పని సునయన బాగానే పట్టుకుంది. రెండోదానిలోనే చిక్కు. మొగుడి పేరు ఆమె ఇరవై తొమ్మిదేళ్ళలో నోటితో పలకలేదు. ఆసుపత్రి కౌంటరులో భర్త పేరు అడిగితే రేషను కార్డు చూపించేది. ఎక్కడైనా ఆ పేరు ఉన్న వేరే మనిషి ఎదురైనా ఆయన్ని "మన వాళ్ళ పేరాయన" అనేది. అందుకని సాయంత్రాలు సంపు మూత మీద పీట వేసుకుని, గ్లాసు పట్టుకుని, "ఏమండీ" అని మొదలుపెట్టేది. ఏమండీ, ఈ రోజు కొళాయి వాషరు నేనే మార్చినా. ఏమండీ, ఇస్త్రీ పెట్టె తీగ తెగితే అతికించినా. ఏమండీ, ఆ రోజు నేను...

అక్కడికి వచ్చేసరికి కాఫీ అయిపోయేది.

నోటు పుస్తకం మాత్రం నిండుతూ వచ్చింది. "జూన్ 9. వాషరు మార్చాను. మనసు బరువు." "ఆగస్టు 2. ఫ్యూజు కట్టాను. మనసు పరవాలేదు." "అక్టోబరు 20. టేబుల్ ఫ్యాను విప్పి నూనె వేశాను. ఒకసారి నవ్వాను." దీపావళి నాటికి లైన్లో ఆడవాళ్ళు పాడైన మిక్సీ జార్లు పట్టుకుని సునయన గుమ్మంలో నిలబడ్డం మొదలుపెట్టారు. విధవ ఇంటికి పొద్దున్నే వెళ్ళకూడదని అందరికీ చెప్పే కలైసెల్వి కూడా వచ్చింది. పొద్దున్నే వచ్చింది. ఇడ్లీ పిండి ఆగదు కదా.

అంతా బాగుండగా తొండియార్‌పేట నుంచి ఆడబిడ్డ శారదాంబ దిగింది.

"ఒంటి ఆడమనిషి, రోజుకు ఆరు బిందెలు మోసుకుంటా ఎన్నాళ్ళమ్మే? నా తమ్ముడు పైనుంచి చూస్తే నన్ను తిట్టడా?" అంది శారదాంబ. తమ్ముడు బతికుండగా కూడా ఆమెని తిట్టేవాడు, అది వేరే సంగతి. "వచ్చే ఆదివారం ఐదింటికి ఆటోతో వస్తా. ఈ ఇంటి కొళాయిలో నీళ్ళు వస్తా ఉంటే ఈడనే ఉండు, నేనేమీ అనను. రాకుంటే పెట్టె సర్దుకో. ఇల్లు బాడుగకిచ్చేద్దాం."

తొండియార్‌పేట ఇంట్లో రెండు గదులు, ఏడుగురు మనుషులు, ఒక ఫ్యాను. సునయనకి వాళ్ళు చూపించిన చోటు కుట్టు మిషను పక్కన. పడుకుంటే కాళ్ళు తొక్కుడు పలక కింద ఉంటాయి.

"సరే వదినా" అంది సునయన. మర్నాడే చూలై వెళ్ళింది.

చూలైలో మోటారు సామాన్ల కొట్టు నాగప్పన్‌ది. ఆయనా వెంకటపతి వర్క్‌షాపు మనిషే. కొత్త వాల్వు చేతికిచ్చి, ఏం చేయాలో చెప్పాడు. "సంపులోకి మాత్రం దిగొద్దమ్మా. పైన జాయింటు విప్పి పైపునే పైకి లాగు. వాల్వు బిగించి, మళ్ళీ దించు. మోటారు మూతి విప్పి నీళ్ళు పోసి, అప్పుడు స్విచ్ వెయ్యి. జాయింటుకి టేపు చుట్టు."

"ఆయన నార చుట్టి తెల్ల రంగు పూసేవారు."

"మా కాలం ఫిట్టర్లు అందరూ నారే. ఇప్పుడెవురికి ఓపిక?" అని టేపు కూడా ఇచ్చాడు నాగప్పన్.

సునయన టేపు సంచిలో వేసుకుని, "స్విచ్‌కి రేకు ఉండాది" అంది.

నాగప్పన్ చేతిలో పని ఆగింది. "ఇంకా ఉండాదా?"

"ఎవురూ విప్పలేదు."

"కట్టిన చెయ్యి లేకుంటే మేస్త్రీ పోవాల. లోపలికి వంగి, పేరు పెట్టి మూడు మార్లు పిలవాల. పలుకు లేదంటే అప్పుడు విప్పాల. పేరే పిలవాలమ్మా, మర్చిపోవద్దు. ఊరికే పిలిస్తే ఎవురైనా పలుకుతారు."

"ఎవురైనా అంటే?"

"నీకు వాషర్లు ఎన్ని కావాలన్నావు?" అన్నాడు నాగప్పన్.

*

ఆదివారం మధ్యాహ్నం నుంచే ముసురు. సముద్రంలో ఏదో వాయుగుండం పడిందని టీవీలో చెప్పారు. మూడింటికే ఆకాశం దీపాలవేళలా మసకబారింది. లైన్లో అందరూ తలుపులు మూసుకుని బజ్జీలు వేసుకుంటున్నారు. వాన వాసనా, కాగిన నూనె వాసనా కలిసి సునయన వెనక వాకిట్లోకి వస్తున్నాయి. ఆమె చీర కొంగు బొడ్లో దోపి, వెంకటపతి ఖాకీ చొక్కా పైన తొడుక్కుని, సంపు మూత తీసింది.

ఈ వానలకి ఊట ఊరి సంపు నిండుగా ఉంది. అంచుకి జానెడు కిందే నల్లటి నీళ్ళు. కదలిక లేదు. పైన వాన పడుతున్నా, వాకిలి రేకుల కప్పు కింద కనక, ఒక్క చుక్క అందులో పడడం లేదు.

పై జాయింటు విప్పింది. పైపు పట్టుకుని లాగింది. రాలేదు. కాళ్ళు గోడకి తన్నిపెట్టి లాగింది. కింద ఎవరో పట్టుకుని ఉన్నట్టు బిగుసుకుంది... పట్టు వదిలేసినట్టు ఒక్కసారిగా పైకొచ్చింది. సునయన వెనక్కి పడింది.

"బురదలే" అనుకుంది పైకి. భయం వేసినప్పుడు దాని కారణం పైకి చెప్పుకోమని జెబ చెప్పింది.

పైపు పూర్తిగా పైకి లాగి చూసింది. చివర ఇత్తడి వాల్వు బిగించి ఉంది.

అది ఉండకూడదు. అది వెంకటపతి చేతిలో పైకొచ్చింది. తన కళ్ళ ముందే ఆయన వేళ్ళ నుంచి విడదీశారు. సునయన లోపలికి వెళ్ళి పనిముట్ల పెట్టె తెరిచింది. గుడ్డ ఉంది, చుట్టచుట్టుకుని, ఖాళీగా. తిరిగొచ్చి జాయింటు మీద వేలు పెట్టింది. జనపనార శుభ్రంగా, వరసగా చుట్టి ఉంది. పైన తెల్ల రంగు. అది వేలికి అంటుకుంది. ఇంకా ఆరలేదు.

ఆరుముగం చేసి ఉంటాడనుకుంది. ఆ మాట ఆమె కూడా నమ్మలేదు. ఆరుముగం వాషరు మార్చినా లైనంతా తిరిగి చెప్పేరకం.

అప్పుడు ఆమెకి భయం కంటే ముందు ఏడుపు వచ్చింది. నారా, తెల్ల రంగూ. పని సగంలో వదిలేసే మనిషి కాదాయన. ఆమె చేత చేయించడం ఇష్టం లేక... "నీకెందుకు సునా" అన్నట్టు... కొంగుతో కళ్ళు తుడుచుకుని పైపు కిందికి దించింది. జాయింటు బిగించింది. మోటారు మూతి విప్పి చెంబుతో నీళ్ళు పోసింది. గడియారం చూస్తే నాలుగున్నర. అరగంటలో వదిన వస్తుంది.

మిగిలింది రేకు.

సంపు అంచున మోకాళ్ళ మీద కూర్చుని లోపలికి వంగింది. నాగప్పన్ చెప్పింది గుర్తుంది. పేరు పెట్టి పిలవాలి. నోరు తెరిచింది. పెదవుల దాకా వచ్చింది పేరు. అక్కడ ఆగిపోయింది. వీధిలో ఎవరైనా వింటే? మొగుణ్ణి పేరు పెట్టి కేకేసిందని అనుకోరూ? అనుకుంటారు. మా లైన్లో తప్పకుండా అనుకుంటారు.

"ఏమండీ" అంది మెల్లగా.

నీళ్ళు కదల్లేదు.

"ఏమండీ..."

రేకుల మీద వాన తగ్గినట్టు అనిపించింది.

"ఏమండీ."

నల్లటి నీళ్ళ మధ్యలో ఒక బుడగ లేచింది. ఒకటే. పగిలింది. తుప్పు పట్టిన ఇనుము వాసన గుప్పున కొట్టింది.

పలుకు కాదులే అనుకుంది. మూత మూసింది. లేచి వెళ్ళి, స్విచ్‌కి చుట్టిన తీగ విప్పి, రేకు తీసి పనిముట్ల పెట్టెలో పెట్టి గొళ్ళెం వేసింది. స్విచ్ వేసింది.

మోటారు మూలిగింది. వణికింది. పట్టుకుంది. పైపులో నీళ్ళు ఎక్కే చప్పుడు గోడ వెంబడి మిద్దె దాకా పోయింది. ఎనిమిది నెలల తర్వాత ట్యాంకులో నీళ్ళు పడుతున్న చప్పుడు వినపడగానే సునయన ఒక్కతే నిలబడి, ఖాకీ చొక్కాలో, పెద్దగా నవ్వింది. నోటు పుస్తకంలో ఏం రాయాలో కూడా అనుకుంది.

టంగ్. టంగ్.

నవ్వు ఆగింది.

పైపు మీద. రెండు దెబ్బలు. నడుపు.

మోటారు శబ్దమేమో. చెయ్యి చాచి స్విచ్ ఆపింది. మోటారు నెమ్మదిగా తగ్గి ఆగిపోయింది. చెవులు రిక్కించింది. వాన... ఎక్కడో కుక్క...

టంగ్. టంగ్.

సంపు నిండా నీళ్ళు. మనిషి లోతు నీళ్ళు. ఆ నీళ్ళ కింద నుంచి, ఇనుముతో, నిదానంగా.

సునయన వెనక్కి అడుగు వేసింది. గోడ తగిలింది. ఆ నిమిషానే లైన్లో కరెంటు పోయింది. పక్కింట్లో టీవీ ఆగింది. ఎవరో పిల్లలు ఓ అని అరిచారు. వాకిలంతా చీకటి. అప్పుడు...

మోటారు తనంతట తాను తిరగడం మొదలుపెట్టింది.

స్విచ్ ఆపేసి ఉంది. కరెంటు లేదు. మోటారు తిరుగుతోంది. పైపు గోడ మీద దడదడలాడుతోంది.

"ఏమండీ... మీరేనా?" అంది.

మోటారు ఆగింది.

టంగ్.

టంగ్.

టంగ్.

మూడు. పైకి వస్తుండా.

సంపు మూత వేలెడు పైకి లేచింది. కిందినుంచి. ఇనుప మూత, ఆమె రెండు చేతులతో లాగితే గానీ రానిది. లేచిన సందులోంచి వాసన... వెంకటపతి వాసన కాదు. ఆయనది కొబ్బరి నూనే, గ్రీజూ. ఇది పాత మట్టి. పాత ఇనుము. చాలా కాలంగా ఎవరూ తెరవని చోటు వాసన. సందులోంచి నీళ్ళు వాకిట్లోకి పొర్లి ఆమె కాళ్ళ మీదికి వచ్చాయి. చల్లగా. మూత ఇంకో వేలెడు లేచింది...

ఊరికే పిలిస్తే ఎవురైనా పలుకుతారు.

ఆమె మూడుసార్లు పిలిచింది. ఆరు నెలలుగా, రోజూ సాయంత్రం, ఆ మూత మీదే కూర్చుని పిలిచింది. ఒక్కసారి కూడా పేరు చెప్పలేదు.

"వెం..." అంది. నాలుక తిరగలేదు. మూత గీరుకుంటూ పక్కకి జరిగింది. "వెంకట..."

కళ్ళు మూసుకుంది.

"వెంకటపతీ!"

లైనంతా వినపడేలా అరిచింది. "వెంకటపతీ! వెంకటపతీ! ఆ రోజు నువ్వు కొట్టింది నేను విన్నా! విని రాలేదు! విని కూడా రాలేదు!"

మూత దభాలున పడింది.

నిశ్శబ్దం. వాన కూడా లేదు.

చాలాసేపటికి, చాలా లోతు నుంచి, చాలా నీరసంగా, ఒక దెబ్బ.

టంగ్.

ఒకటే. ఏప్రిల్ నెలలో విన్నదే. అదే బరువు, అదే మోత. సునయన తడి గచ్చు మీద అక్కడే కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆ దెబ్బ తనని రమ్మని పిలిచిందనుకుంది. రాలేదని కుమిలింది. ఒక దెబ్బకి అర్థం రమ్మని కాదు. ఆపు అని. ఆయన ఆపమన్నది మోటారుని కాదు. ఆమెని. రావద్దు సునా. దిగొద్దు. ఈడ నేనొక్కణ్ణే లేను.

వీధి తలుపు దబదబా మోగింది. సునయన కెవ్వున అరిచింది.

"ఏందమ్మే, నేనే!" అంది శారదాంబ బయటి నుంచి. "ఆటోలో సగం సముద్రం నా ఒళ్ళోనే ఉండాది, తలుపు తియ్యి!"

*

కరెంటు వచ్చింది. శారదాంబ గొడుగు దులిపి నేరుగా వంటింట్లోకి నడిచి కొళాయి తిప్పింది. నీళ్ళు వచ్చాయి. ఇంకా తిప్పింది. ఇంకా వచ్చాయి. ఆమె కొళాయి వైపు, ఖాకీ చొక్కా వైపు, తెల్ల రంగు అంటిన సునయన వేలి వైపు మార్చి మార్చి చూసింది. ఓడిపోయినవాళ్ళు ఎక్కడో ఒక వంక వెతుక్కుంటారు కదా.

"నీళ్ళు ఇనుము వాసన వస్తుండాయి" అంది.

"కొత్తల్లో అంతే వదినా."

"నీ మొహమేంది, ఇట్టా పాలిపోయింది?"

"వదినా... ఈ పూట ఈడనే ఉంటారా?"

"నేనా? తొండియార్‌పేటలో మోకాళ్ళ లోతు నీళ్ళు ఎక్కుతుండాయి. ఆటో వాడు ఆగడు." గుమ్మం దగ్గర ఆగి, మొదటిసారి మెత్తగా అంది. "మాట మాటే. ఈడనే ఉండు. నీకింక ఎవురి అవసరమూ లేదులే."

నేనూ వస్తానని అనొచ్చు సునయన. ఆటో వీధి వాకిట్లోనే ఉంది. కుట్టు మిషను పక్కన చోటు ఇంకా ఖాళీగానే ఉంది. కానీ ఎదురింటి కిటికీలో కలైసెల్వి చూడనట్టు చూస్తోంది. మొగుణ్ణి పేరు పెట్టి అరిచింది, ఐదు నిమిషాల్లో ఇల్లు వదిలి పారిపోయింది అని రేపటికి పదకొండు ఇళ్ళలో చెప్పుకుంటారు. పైగా గెలిచింది కదా. ఆటో చప్పుడు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, తలుపు గడియ వేసింది.

ఐదున్నర. వెనక వాకిలి తలుపుకి కూడా గడియ వేసింది. వేసే ముందు మూత చూసింది. మూసే ఉంది. మూత చుట్టూ గచ్చు తడి. తడి వాకిలంతా ఉంది, సంపులోంచి పొర్లిన నీళ్ళే. వంటింటి గడప దాటి లోపలికి కూడా వచ్చాయి. తన కాళ్ళ తడేలే అనుకుంది. పైకి కూడా అంది, "నా కాళ్ళ తడే."

వంటింట్లో పనిముట్ల పెట్టె గొళ్ళెం తీసి ఉంది.

వేశానా? వేశాననే గుర్తు. తొందరలో ఉండింది కదా. వేసి ఉండకపోవచ్చు. దాని వైపు సరిగా చూడకుండా మళ్ళీ గొళ్ళెం వేసింది.

నోటు పుస్తకం పడకగదిలో ఉంది. ఈ రోజు రాసేసి, దీపాలన్నీ వేసుకుని కూర్చోవాలి. రేపు పొద్దున్నే చూలై వెళ్ళాలి. నాగప్పన్‌ని అడగాలి, రేకు వెనక పక్క ఉన్న పాత నంబరు ఎవరిదో. ఏం రాయాలో అనుకుంటూ నడిచింది. "డిసెంబరు 7. మోటారు బాగుచేశాను. మనసు..."

గదిలో చీకటిగా ఉంది. గుమ్మంలో నిలబడి, అలవాటుగా, గోడ మీద స్విచ్ కోసం చెయ్యి పోనిచ్చింది.

వేళ్ళకి స్విచ్ తగిలింది. స్విచ్ మీద ఇంకేదో తగిలింది.

చల్లగా. తడిగా. మెల్లగా ఊగుతూ.

రేకు.

దాని మీద ఏం రాసి ఉందో ఆమెకి చూడక్కర్లేదు. ఎనిమిది నెలలు రోజూ చదివింది. రేకు ఎక్కడ వేలాడితే అక్కడ లోపల మనిషి ఉన్నట్టు.

అంకెల కోసం వేలు పోనిచ్చింది. నాలుగు తగలాలి ముందు. ఆ తర్వాత ఒకటి. ఆ తర్వాత ఏడు. ఆయన నంబరు ఆమె వేలికి బాగా తెలుసు.

మొదటి అంకె గుండ్రంగా ఉంది. వేలు చుట్టూ తిరిగి మొదలైన చోటికే వచ్చింది. రెండోదీ గుండ్రమే. అంచులు వాడిగా ఉన్నాయి, ఇప్పుడే ఎవరో గుద్దినట్టు.

అది రేకు వెనక పక్క, ఆయన సాపు చేసిన పాత నంబరు.

గది లోపల, మంచం వైపు నుంచి, ఒక నీటి చుక్క నేల మీద పడింది.

బయట సంపులోంచి పైపు మీద దెబ్బ. ఒకటి. కాసేపాగి ఇంకొకటి. మళ్ళీ ఒకటి. ప్రతిసారీ ఒకటే.

సునయన వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది.